వెలగకుండా అరిగిన కొవ్వొత్తి

ఆదివారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు మా వంటింట్లో గ్యాస్ లైటర్ వెలగలేదు. సమయం ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. దానికి ఒక్క నిమిషం ముందు నా ఫోన్‌కి మా తమ్ముడి స్నేహితుడు ప్రసాద్ నుంచి ఒక ఫోటో వచ్చింది. భీమిలి ఒడ్డున జీపు, దాని మీద తాళ్ళతో కట్టిన మూడు సర్ఫింగ్ బోర్డులు, కింద "బయల్దేరాం అక్కా" అని రెండు ముక్కలు. నేను జవాబివ్వకుండా ఫోన్ బోర్లా పెట్టి, పాలగిన్నె పొయ్యి మీదికెక్కించాను. లైటర్ నాలుగుసార్లు నొక్కాను. వెలగలేదు. అగ్గిపెట్టె కోసం కింది సొరుగు లాగాను.

ఆ సొరుగులో చూసినదాని గురించే ఇది రాస్తున్నాను.

నేను ఫరీదాబాద్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. దయ్యాల కథల పుస్తకాలు వస్తే వాటికి నంబర్లు వేసి కల్పనల అరలో సర్దేది నేనే. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. వాటిని వేరే అరలో పెట్టాలేమోనని ఏనాడూ అనిపించలేదు. ఇప్పటికీ అక్కడే పెడుతున్నాను.

మా తమ్ముడి పేరు గోపి. నాకన్నా పదకొండేళ్ళు చిన్న. వాడికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి వాడికి అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేనే. నా పెళ్ళయి మేము ఫరీదాబాద్ వచ్చిన చాలా ఏళ్ళకు వాడు సివిల్స్ చదువుతానని ఢిల్లీ వచ్చాడు. మా ఇంట్లో ఉండమంటే, చదువు సాగదని కటవారియా సరాయ్‌లో గది తీసుకున్నాడు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గది. అందులో ముగ్గురు. ఆదివారం మాత్రం మెట్రో ఎక్కి మా ఇంటికి వచ్చేవాడు. చిన్న గదిలో వాడికొక మంచం ఎప్పుడూ పరిచే ఉంచేదాన్ని.

మూడుసార్లు పరీక్ష రాశాడు. మూడోసారీ రాకపోయేసరికి, గదిలో వాడితో ఉండే ప్రసాద్ వాణ్ణి ఒక వారం తన ఊరు భీమిలి తీసుకెళ్ళాడు. అక్కడ ఎవరో సర్ఫింగ్ నేర్పుతుంటే వీడూ దిగాడు. గోదావరి కాలవలో ఈత తప్ప ఏ నీళ్ళూ ఎరగనివాడు. వారమని వెళ్ళినవాడు నెల తర్వాత నల్లగా మాడిపోయి వచ్చాడు. వచ్చాక గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. పుస్తకాలన్నీ బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల దుకాణానికి ఇచ్చేశాడు. ఫలితం వచ్చిన రోజు నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకోలేదు. భీమిలిలో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి ఏటా ఆగస్టు చివర వాళ్ళ ప్రయాణం. ప్రసాద్ జీపు భీమిలిలో బయల్దేరుతుంది. కాకినాడ, చీరాల, నెల్లూరు మీదుగా మద్రాసు దగ్గర కోవలం దాకా. అల బాగున్న చోట ఆగడం, పాత స్నేహితుల ఇళ్ళలో పడుకోవడం. చీరాలలో మస్తాన్ ఇల్లు, ఒకప్పుడు అదే గదిలో మూడోవాడు. కోవలంలో జ్యోతి అనే అమ్మాయి, కోచింగ్‌లో పరిచయం. పన్నెండు రోజులు.

నాకు ఆ పన్నెండు రోజుల మీద అసూయ. దీనికి మరో మంచి పేరు పెట్టుకోవచ్చు, కానీ పెట్టను. తిరిగొచ్చిన ఆదివారం వాడు నా చేతి పులుసు తింటూ ప్రసాద్ వాళ్ళమ్మ చేసిన పులుసు గురించి చెప్పేవాడు. మస్తాన్ వాళ్ళ చెల్లికి సంబంధం కుదరలేదని దిగులుపడేవాడు. నేను ఎన్నడూ చూడని ఇళ్ళలో ఏ గదికి కిటికీ లేదో వాడికి తెలుసు. మా ఇంట్లో వాడి మంచానికి కొత్త దుప్పటి వేసిన సంగతి మాత్రం గమనించేవాడు కాదు.

ఒక సంవత్సరం నేనూ వస్తానన్నాను. సెలవు పెట్టాను. రెండు నూలు కుర్తాలు కుట్టించుకున్నాను. బయల్దేరే ముందు వారం వాడు ఫోన్ చేసి, "జీపులో చోటు లేదక్కా, వచ్చే ఏడు తప్పకుండా" అన్నాడు. ఆ ఏడాది ఫోటోల్లో ముందు సీట్లో జ్యోతి ఉంది. కోవలం దాకా కాదు, భీమిలి నుంచే. కుర్తాలు బీరువాలో అడుగున పెట్టాను. "వచ్చే ఏడు" అని ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు అన్నాడు.

బోర్డు ఎప్పుడూ ప్రసాద్ వాళ్ళింట్లోనే ఉండేది. ఆఖరి ప్రయాణంలో అది రాయికి తగిలి పగిలింది. మా వారు ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆయనకు తెలిసిన ఫైబర్ గ్లాస్ షెడ్డు ఒకటి ఇక్కడ ఉందని, గోపి దాన్ని రైల్లో ఫరీదాబాద్ తెచ్చాడు. పై బెర్తు మీద దాన్ని పక్కన పడుకోబెట్టుకుని వచ్చాడట. మా లిఫ్టులో పట్టలేదు. మూడంతస్తులు మెట్ల మీద మోశాడు. తెల్ల బోర్డు, మధ్యలో పొడవునా సన్నటి నీలం గీత.

మర్నాడు వాడు నిద్రలేచేలోపు నేను దాన్ని కడిగేశాను. పైభాగమంతా జిడ్డు, కొవ్వొత్తి కరిగి కారినట్టు పెచ్చులు కట్టి, దుమ్ము పట్టి ఉంది. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, కొబ్బరిపీచు పెట్టి గంటసేపు తోమాను. అద్దంలా వచ్చింది. వాడు లేచి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"కడిగేశావా? అది జిడ్డు కాదక్కా బాబూ, మైనం! కాలు జారకుండా మేమే పూస్తాం. ఇప్పుడు దీని మీద నించుంటే నేను కాదు, దేవుడైనా జారిపోతాడు."

"మరి అంత మురికిగా ఉంటే?"

"మురికి నీ కంటికి. నాకది బ్రేకు. బావగారూ, మా అక్కకి సముద్రం ఒప్పజెప్తే అది కూడా తోమేస్తుంది చూడండి."

మా వారు నవ్వారు. నేనూ నవ్వాను. అసలు మైనం ఇక్కడ దొరకదని, మొదట్లో తామంతా తెల్ల కొవ్వొత్తులే రుద్దేవాళ్ళమని చెప్పాడు. మా వంటింటి సొరుగులో కొవ్వొత్తుల పెట్టె ఉంది. ఇన్వర్టర్ పెట్టించాక ఎవరూ ముట్టనిది. షెడ్డు నుంచి బోర్డు తిరిగొచ్చాక, నేను లైబ్రరీలో ఉన్న ఒక మధ్యాహ్నం, ఆ కొవ్వొత్తులు తీసి బాల్కనీలో కూర్చుని మళ్ళీ పూసుకున్నాడు. నేను వచ్చేసరికి బోర్డును పాత దుప్పటిలో చుట్టి చిన్న గదిలో గోడకు ఆనించేశాడు. సొరుగులో ఒక కొవ్వొత్తి తగ్గిందని చూశాను. అంతే.

అక్టోబరు మొదటి వారంలో వాడికి డెంగ్యూ వచ్చింది. ఆరో రోజు పోయాడు. సముద్రంలో ఏమవుతుందోనని ఎనిమిదేళ్ళు భయపడ్డాను. దోమ గురించి భయపడలేదు.

ఆ దుప్పటి నేను విప్పలేదు.

మరుసటి ఆగస్టులో ప్రసాద్ ఫోన్ చేశాడు. ఇప్పుడు భీమిలిలో బడిపంతులు. మెత్తని మనిషి.

"అక్కా, ఈ ఏడు ఆడి కోసం వెళ్తన్నాం. కలెక్టరుగారి బోర్డు ఒక్కటీ పంపించెయ్యక్కా. రైల్లో పార్సిల్ వేయిస్తే సాలు, వైజాగ్‌లో నేను తీసుకుంటాను." పరీక్ష తప్పిన రోజు నుంచి వాళ్ళు వాణ్ణి కలెక్టరుగారు అనేవాళ్ళు.

"అది విరిగిపోయింది ప్రసాద్."

"బాగుసేయించాడు కదక్కా. ఫోటో పెట్టాడు."

అబద్ధం దొరికిపోయింది.

"పోనీ నువ్వు కూడా వచ్చేయక్కా. ఆడి బదులు."

"జీపులో చోటుందా?" అన్నాను.

"అదేటక్కా, అలగంటావు?" అన్నాడు. వాడికి అర్థం కాలేదని గొంతులోనే తెలిసింది. నేను ఫోన్ పెట్టేశాను.

ప్రయాణం ముందు రోజు శనివారం. మా వారు రెండో షిఫ్టుకు వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి చిన్న గదిలోకి వెళ్ళి దుప్పటి విప్పాను. ఈసారి అది మైనమని నాకు తెలుసు. తెలిసే వేడినీళ్ళు పెట్టాను. వాళ్ళు ఎప్పుడైనా వచ్చి పట్టుకుపోయినా దాని మీద ఎవరూ నిలబడకూడదు అనుకున్నాను. ఇంత చిన్న బుద్ధి నాకు ఉందని అంతకు ముందు తెలియదు. బాల్కనీలో పీచు పెట్టి తోమాను. మైనం దుమ్ముతో కలిసి బూడిద రంగు చుట్టలుగా రాలింది. నీళ్ళు పోయే జాలీకి అడ్డుపడితే చేత్తో తీసి చెత్తబుట్టలో వేశాను. సగం అయ్యాక, పూసింది వాడి చేయి అని గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. పొడిగుడ్డతో తుడిచి, బోర్డును చిన్న గదిలో గోడకు నిలబెట్టి, తలుపు దగ్గరగా వేశాను.

మర్నాడు ఆరూ యాభైకి లైటర్ వెలగలేదు. సొరుగులో అగ్గిపెట్టె పక్కన కొవ్వొత్తుల పెట్టె మూత తీసి ఉంది. లోపలి కొవ్వొత్తుల మీద అడ్డంగా ఒకటి పడి ఉంది. వత్తి తెల్లగా, ముట్టించనట్టే ఉంది. కానీ ఆ కొవ్వొత్తి ఒక వైపు పొడవునా అరిగి పలకలా అయిపోయింది. బల్ల మీద రాసి అరిగిన సుద్దముక్క ఎలా ఉంటుందో అలా.

పొయ్యి వెలిగించకుండానే చిన్న గదికి వెళ్ళాను.

బోర్డు గోడకు లేదు. నేల మీద పడుకోబెట్టి ఉంది. మంచం మీది రెండు దిండ్లూ దాని అడుగున, ఒకటి ముందు, ఒకటి వెనక. బోర్డుకు అడుగున తోకవైపు చిన్న రెక్క ఉంటుంది, అది నేలకు తగలకుండా అలా పెడతారు. నాకైతే ఆ ఆలోచన వచ్చేది కాదు, మొదటిసారి కడిగినప్పుడు ఆ రెక్క మీదే బరువు వేశానని వాడు తిట్టాడు. పైభాగమంతా కొత్తగా మైనం. దగ్గరగా చూస్తే చిన్న చిన్న సున్నాలు, ఒకదాని మీద ఒకటి. వేలితో ముట్టుకుంటే గరుకుగా తగిలింది.

మా వారిని లేపాను. ఆయన వచ్చి చూశారు.

"మీరేనా?"

"నేనా? పదకొండున్నరకి ఇల్లు చేరినవాణ్ణి. నా బూట్లు పాలిష్ చేసుకోడానికే దిక్కు లేదు విజయా, దీనికి పాలిష్ చేస్తానా?" అన్నారు.

వీధి తలుపు లోపలి గడియ వేసే ఉంది. బాల్కనీ తలుపు కూడా. పనికి వచ్చే సునీత దీదీ ఆదివారాలు రాదు, ఆమె దగ్గర తాళంచెవి లేదు. ఇంట్లో మేమిద్దరమే. ఇక మిగిలింది నేను. నిద్రలో నేనే లేచి చేశానేమో అని గోళ్ళు చూసుకున్నాను. మైనం రుద్దితే గోళ్ళలో తెల్లగా చేరుతుంది, జాలీ శుభ్రం చేసినప్పుడు చేరింది, నిన్ననే బ్రష్షుతో తీసేశాను. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. నిద్రలో నడిచే అలవాటు నాకు లేదు. మా వారిది కోడినిద్ర, నేను మంచినీళ్ళకు లేచినా ఆయనకు తెలుస్తుంది. ఇవి సాక్ష్యాలు అనను. ఉన్నవి ఇవి.

అప్పుడు నేను ప్రసాద్‌కి ఫోన్ చేశాను.

ఎందుకు చేశానో నిజం చెప్పాలి. భయపడి కాదు. వాడు నా దగ్గరికి వచ్చాడు, మీ జీపు దగ్గరికి కాదు అని చెప్పడానికి చేశాను. అప్పటికి ఏడూ ఇరవై అయింది. వాళ్ళు భీమిలి దాటి టిఫిన్‌కి ఆగారు. వెనక, ఈసారి భీమిలి నుంచే వాళ్ళతో బయల్దేరిన మస్తాన్ ఎవరితోనో ఇంకో పెసరట్టు వేయమంటున్నాడు. నేను జరిగినదంతా చెప్పాను. కడిగింది ఎందుకో కూడా చెప్పాను. గొంతులో గర్వం వాడికి వినిపించే ఉంటుంది.

ప్రసాద్ నవ్వలేదు, ఓదార్చనూ లేదు. ఒకటే అడిగాడు.

"అక్కా, ముందువైపు, నీలం గీతకి కుడిపక్క, అరిసెయ్యంత జాగా కాళీగా వదిలేసుందా?"

"ఏం?"

"సూసి సెప్పక్కా."

ఫోన్ పట్టుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. తెల్ల బోర్డు మీద తెల్ల మైనం, నిలబడి చూస్తే ఏమీ తెలియదు. వేలితో రాస్తూ పోయాను. గీతకు కుడివైపు, గుండె ఆనే చోటుకు కొంచెం పైన, వేలు నున్నగా జారింది. చుట్టూ గరుకు. మధ్యలో అరచేయంత ఖాళీ.

"ఉంది," అన్నాను.

మొదట నాకు వచ్చింది భయం కాదు, కోపం. నా తమ్ముడి గురించి వీళ్ళకు తెలిసి నాకు తెలియనిది ఇంకోటి.

"ఏమిటది?" అన్నాను.

"నువ్వు రాఖీ కట్టేదానివి కదక్కా."

మా గోదావరి వైపు మా చిన్నప్పుడు రాఖీ లేదు. ఢిల్లీ వచ్చాక, చుట్టుపక్కల అందరూ కడుతుంటే నేనూ మొదలుపెట్టాను. మొదటి ఏడు గోపి, "ఏంటక్కా, హిందీవాళ్ళమైపోయామా?" అని వెక్కిరించాడు. అయినా ఏటా వచ్చి కుడిచేయి చాపేవాడు. రాఖీ అయిన కొద్దిరోజులకే వాళ్ళ ప్రయాణం. తిరిగి వచ్చేసరికి మణికట్టు ఖాళీగా ఉండేది. ఢిల్లీ పొలిమేరలోని బదర్‌పూర్ దాటకముందే తెంపి పారేస్తాడనుకునేదాన్ని. ఒకసారి ఆ మాట అన్నాను కూడా. వాడు భుజాలెగరేశాడు.

"అల కోసం ఎదురుసూసేటప్పుడు బోర్డు మీద బోర్లా పడుకుంటాం," అన్నాడు ప్రసాద్. "ఆడు ఆ కుడిసెయ్యి ముందు పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించేవాడు. మైనానికి దారం అంటుకుంటే తెగిపోద్దని అక్కడ పూసేవాడు కాదు. మేం ఎన్నిసార్లు ఏడిపించామో. ఉప్పునీళ్ళకి నానినాని దానంతటదే కోవలం కాడ తెగిపోయేది. తెగిన రోజు ఎవరితోనూ మాటాడేవోడు కాదు." తర్వాత అన్నాడు, "నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక, పాలు పొయ్యి మీద పచ్చిగానే ఉన్నాయని గుర్తొచ్చి వెళ్ళి వెలిగించాను.

ఆ ఖాళీ సంగతి నాకు ముందే తెలిసి ఉండవచ్చు. రెండుసార్లు తోమిన చెయ్యి నాది, కన్ను పట్టించుకోనిది చేతికి తెలుస్తుంది అనవచ్చు. నేనూ అలాగే వాదించుకున్నాను. కానీ రెండుసార్లూ గుడ్డిగా, పైనుంచి కిందికి తోమాను. దుమ్ము పట్టి అంతా ఒకే రంగుగా ఉంది. గుర్తు లేదు. గుర్తు లేదన్నది రుజువు కాదని కూడా తెలుసు.

ఫోటో తీశాను. తెలుపు మీద తెలుపు, అందులో ఏమీ కనిపించదు. కొవ్వొత్తిని కాగితంలో చుట్టి దాచాను. మస్తాన్ చూడాలన్నాడు, వచ్చి చూసుకోమన్నాను. జ్యోతి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపు విన్నా నా అసూయ పూర్తిగా పోలేదు. ముందు సీటు ముందు సీటే. అక్కడ వాడు నన్ను చేతికి కట్టుకుని తిరిగాడని తెలిసింది, కానీ ఆ మాట నేను పక్కవాళ్ళ నోట విన్నాను. వాడి నోట వినలేదు.

బోర్డు నేను పంపలేదు. వాళ్ళు మళ్ళీ అడగలేదు. తర్వాతి ఆగస్టులో ప్రసాద్ ఫోన్ చేసి, "జీపులో చోటుందక్కా" అన్నాడు. ఆ మాట ఏడాది మనసులో పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. ఈ ఏడు కాదు, చూద్దాం అన్నాను.

మా వారు కొంతకాలం ఆగి, ఒక రోజు భోజనాల దగ్గర మెల్లగా అన్నారు. "ఇంకోసారి కడిగి చూడొచ్చు కదా? మళ్ళీ వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు." సరైన పద్ధతి అదే. లైబ్రరీలో ఎవరైనా పాఠకుడు వచ్చి అడిగితే నేనూ అదే చెబుతాను. ఆయనకు ఇంకొంచెం చారు పోశాను.

పోయిన నెల సునీత దీదీ చిన్న గది తుడుస్తూ, తడిగుడ్డ పట్టుకుని దాని మీదికి వంగింది. "దీదీ, ఇస్పే కుఛ్ చిప్‌చిపా లగా హై," అంది, దీని మీద ఏదో జిగురుగా ఉందని. "రహనే దో," అన్నాను. ఉండనివ్వమని. ఆమె ఒకసారి నా వైపు, ఒకసారి బోర్డు వైపు చూసి, గుడ్డ బకెట్‌లో పడేసి నేల తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మైనం ఎవరు పూశారో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఒకటే ఉంది, దాన్ని నేను వాడను. గదిలో దుమ్ము పేరుకుంటుంది. బోర్డు మీద అది మైనానికి అంటుకుని బూడిద రంగుకు తిరుగుతోంది. అరచేయంత చోటు మాత్రం ఇంకా నున్నగానే ఉంది.

ఆ బోర్డును మా ఇంట్లో ఇప్పుడు కడగడం లేదు.